టౌన్ హాలు తలుపులు

ఎనభైల్లో ఒకసారి నాటక పోటీలకు విజయనగరం నుంచి నరసరావుపేట వెళ్ళాం. అక్కడి టౌన్ హాలు తెల్లదొరల నాటిది. మూరెడు మందం సున్నపు గోడలు, కింద నాపరాళ్ళు, రెండు పక్కలా వరసగా నిలువెత్తు తలుపులు. అన్ని తలుపులూ గాలి కోసమేననుకున్నాను.

సాయంత్రం నాటకం మొదలయ్యే ముందు ఒక ముసలామె వేదిక పక్క తలుపులో నిలబడి ఉంది. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోమన్నాను.

"నాకెందుకయ్యా కుర్చీ. ఈ హాలు కట్టేటప్పుడు మా మామ రాళ్ళు మోశాడు. టిక్కెట్టు కొనలేనోళ్ళు నిలబడి చూస్తారని ఇన్ని తలుపులు పెట్టారంట."

"ఇప్పుడు టిక్కెట్టు లేదు కదమ్మా."

"లేకపోతే ఏంది? కుర్చీలో కూర్చున్నాక బాగోకపోయినా మర్యాదకి ఉండాల. ఈడైతే బాగున్నంతసేపే ఉంటాం. మా ఊళ్ళో నాటకమాడేవాళ్ళు కూడా తలుపులకేసే చూస్తా ఆడతారు."

బహుమతి మాకే వచ్చింది. ముందు వరసలో పెద్దలు చివరిదాకా కదలకుండా కూర్చున్నారు, చప్పట్లూ కొట్టారు. నేను మాత్రం రెండో రంగంలో, ఏడవాల్సిన చోట, ఆ తలుపు వైపు చూశాను. అందులోంచి వీధి దీపం ఏ అడ్డూ లేకుండా కనిపించింది.