మొన విరిగిన చాకు

యుద్ధం రోజుల్లో మంచి చాకు దొరకడమే కష్టం. అట్లాంటిది మా ఆయన నా వంటింటి చాకుతో కిరసనాయిలు డబ్బా మూత పెకలించబోయి మొన విరగ్గొట్టాడు. వంకాయల్లో పుచ్చు తీయాలంటే నాకు ఆ మొనే ఆధారం. పుంగనూరు సంతకు ఇద్దరం పోయినప్పుడు, సానపట్టే ముసలి సాయిబుకు చూపించాను.

"దీంతో దేన్నో పెకలించినట్టుండారు. ఎవరమ్మా?" అన్నాడు సాయిబు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వుతా, "ఆడోళ్లకు చాకు విలువ ఏం తెలుస్తాది సాయిబూ!" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆ చాకును తుప్పు పట్టకుండా కాపాడింది నేను. "విరగ్గొట్టింది మీరు. తప్పు నా మీద యాల పెడతాండారు?" అని చుట్టుపక్కల వాళ్లందరికీ వినపడేట్టు అడిగాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సాయిబు పదును జోలికి పోకుండా, వెన్నువైపు వాలుగా అరగదీశాడు. వేడెక్కినప్పుడల్లా నీళ్లలో ముంచాడు. కాసేపటికి కొత్త మొన తేలింది. చాకును నా చేతికే ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎద్దులబండిలో మా ఆయన, నలుగురిలో తన పరువు తీశానని దారిపొడుగునా సణిగాడు. నాకూ పరువుంటుందన్న సంగతి ఆయనకు తట్టనే లేదు.