నాన్న నొక్కే నంబరు

మిర్యాలగూడలో మా నాన్నకు రైసుమిల్లు ఉంది. ఇంట్లోకి పెద్ద టీవీ కొన్నప్పటి నుంచి ఆయనది ఒకటే గోల: "బొమ్మ మసకమసకగున్నది. షాపోడు మోసం జేసిండు."

నేను వైరు మార్చాను, సెట్టింగులన్నీ తిరగేశాను, సెట్‌టాప్ బాక్సు ఆపి మళ్లీ పెట్టాను. మసక పోలేదు. చివరికి రిమోట్ ఆయనకే ఇచ్చి పక్కన కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. హెచ్‌డీ ప్యాకేజీ తీసుకుని కూడా ఆయన పాత ఎస్‌డీ ఛానల్ నంబరే నొక్కుతున్నారు! నాకు ఒళ్లు మండిపోయింది.

"హెచ్‌డీకి నంబరు వేరే ఉంటది నాన్నా!"

"ఇన్నేండ్ల సంది నొక్కుతున్న నంబరు. అదెట్ల తప్పయితది?"

రిమోట్ లాక్కుని హెచ్‌డీ నంబరు నొక్కాను. వంటల కార్యక్రమంలో ఒకావిడ పళ్లెంలో బియ్యం పోస్తోంది. నాన్న కళ్లజోడు సర్దుకుని, మిల్లులో శాంపిల్ చూసినట్టు తెర దగ్గరికి వంగారు. బొమ్మ బాగుందని ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూశాను.

"నూక శానా ఉన్నది," అన్నారు. "ఈమెకు బియ్యం అమ్మినోడు గూడ మోసం జేసిండు."