బ్లూబెర్రీ మొదట్లో బూడిద

"మొక్క మొదట్లో బూడిద పోశారా అత్తయ్యా?" అంది కోడలు.

"పోశాను. చలికాలమంతా ఫైర్‌ప్లేస్‌లో కాల్చిన కట్టెల బూడిద. బకెట్‌లో దాచాను. చెత్తలో పారెయ్యమంటావా?"

"బ్లూబెర్రీకి పుల్లటి మట్టి కావాలి. బూడిద ఆ పులుపు విరిచేస్తుంది. ఆకులు చూడండి, ఈనెలు తప్ప అంతా పసుపెక్కాయి."

"ఈ నోవై ఊరి మంచుకే చావని మొక్క నా బూడిదకి చస్తుందా?"

"మంచుకి చావదు. బూడిదకే చస్తుంది!"

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఊళ్ళో బీరపాదుకైనా వంగమొక్కకైనా బూడిదే మందు. ఇక్కడా అంతే అనుకున్నాను. కోడలు ఈ మొక్క నాటి మూడేళ్ళయింది. మోకాల్లోతు మంచులో నిలబడి ఈ ఏడే మొదటిసారి పిందె వేసింది. ఆ గుప్పెడు పిందెల్ని తను రోజూ ఆఫీస్‌కి వెళ్ళేముందు వచ్చి చూసుకునేది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ పూట తప్పు నాదని నోరు విప్పి అనలేదు. అన్నం వడ్డించాను, తను తిని లేచింది.

మర్నాడు పొద్దున్నే మొక్క దగ్గర కూర్చుని, దాని వేర్లు తెగకుండా చేత్తోనే పైమట్టి గోకాను. బూడిద కలిసిన ఆ మట్టి పారెయ్యలేదు, బకెట్‌కెత్తి చిక్కుడుపాదుకి పోశాను. ఇంతలో కోడలు కాఫీ కప్పుతో బయటికొచ్చింది. కాసేపు చూసి, కప్పు మెట్టుమీద పెట్టి, గరాజ్‌లోంచి కొత్త మట్టి సంచి మోసుకొచ్చి విప్పింది.

"ఇటుపక్క ఇంకాస్త పొయ్యి" అన్నాను.

పోసింది.