కాళ్లు చూసే నీరడి

నైజాం పోయిన కొత్తలో ఆత్మకూర్ దగ్గరి ఊళ్లో పంతులుగా ఉండేవాణ్ణి. పొద్దున్నే చెరువుకు కాపలా ఉండి పొలాలకు నీళ్లు వదిలే నీరడితో కట్టమీద తిరుగుతూ, దుర్భిణితో పక్షుల రెక్కలు చూసేవాణ్ణి. ఆయన విసుక్కునేవాడు: "రెక్కల్ల ఏముంది సారూ? కాళ్లు జూడుండ్రి."

శివరాత్రి దాటినా చలి వదలని ఒక పొద్దున, కట్ట కింది ఎండు బీట్లో తెల్లకొంగలు బారులు తీరి కనిపించాయి.

"ఎంత బాగున్నయో!" అన్నాను.

ఆయన వాటి కాళ్లకేసి చూశాడు. కిందికి ఉరికి, కొంగల నడుమ ఊరుతున్న నీళ్లు దోసిట్లోకి తీశాడు. ఎర్రగా ఉన్నాయి.

"కట్ట మన్ను కొట్టుకపోతాంది. ఊర్లకు ఉరుకుండ్రి సారూ, పారలు తట్టలు తెమ్మనుండ్రి!"

జనంతో తిరిగొచ్చేసరికి ఆయన చెరువులో గొంతులోతున నిలబడి ఉన్నాడు. నీళ్లు సుడి తిరుగుతూ కట్టలోకి పోయేచోట తన గొంగడి కూరి, దానికి వీపు ఆనించాడు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"అవతల ఊట ఆగిందా సారూ?"

కట్టెక్కాను. జనం అలికిడికి కొంగలు లేచి, తెల్లగా నా తలమీంచి పోయాయి. నేను తలెత్తలేదు. అవి నిలబడిన నేల నీరు ఊరడం మానేదాకా అక్కడే చూస్తూ ఉండిపోయాను.