హల్లెలూయ లేని నలభై రోజులు

మొన్న గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి ఆటోలో వెళ్తుంటే ఎండుమిరప ఘాటు ఒక్కసారిగా ముక్కుకెక్కి, ఆటో అబ్బాయి, నేను, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు వరసగా తుమ్మాం. వాళ్లు నవ్వుకుని ఊరుకున్నారు గానీ నా కళ్లలో నీళ్లు యార్డు దాటాక కూడా ఆగలేదు.

నా చిన్నప్పుడు ఆ ఘాటు శ్రమకాలానిది. ఈస్టరుకు ముందు, క్రీస్తు శ్రమలు తలుచుకునే ఆ నలభై రోజులూ మా ఊరి చుట్టూ మిరపకోతలు సాగేవి, కళ్లాల్లో కాయలు ఎర్రదుప్పట్లు పరిచినట్టు ఎండేవి, గాలి ఇటు తిరిగినప్పుడల్లా మా చిన్న గుళ్లో పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతూ మధ్యలో ఆగి దగ్గేవారు, ఆయన వెనకే మేమందరం దగ్గేవాళ్లం. ఆ రోజుల్లో ఇంట్లో కోడికూర ఉండేది కాదు, ఊళ్లో మావాళ్ల పెళ్లిళ్లు ఉండేవి కావు, అన్నిటికంటే ముఖ్యంగా గుళ్లో హల్లెలూయ ఉండేది కాదు. శ్రమకాలం మొదలయ్యే భస్మబుధవారం నాడు ఆ మాటను దాచేస్తే, మళ్లీ ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో, కొవ్వొత్తుల వెలుగులో గొంతెత్తి అనడమే.

మా నాయనమ్మకు ఆ నలభై రోజులూ గడవడం మహా కష్టం. చదువురాని మనిషి, మామూలు రోజుల్లో నడుం వంచినా, గంజి వార్చినా, తుమ్మొచ్చినా హల్లెలూయే. ఒక ఆదివారం నేను సండేస్కూల్లో నేర్చుకొచ్చి, దానికర్థం 'దేవుణ్ణి స్తుతించండి' అని గొప్పగా చెబితే, చెరుగుతున్న చేట ఆపింది.

"అయితే ఒక్కళ్లం అనుకునేది కాదన్నమాట. ఒకళ్లు పిలవాలి, ఇంకొకళ్లు పలకాలి" అంది.

నాకు పదకొండేళ్లప్పుడు, కోతలు ముమ్మరంగా ఉండగా ఆమె మంచం పట్టింది. అమ్మానాన్నలు పొలం వెళ్తే బడి మానేసి నేను కాపలా ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం, వేపపూత రాలుతున్న వాకిట్లో నులకమంచం మీద పడుకుని, నన్ను దగ్గరకు పిలిచింది.

"ఒక్కసారి హల్లెలూయ అనవే తల్లీ. నేను పలుకుతా."

"ఈస్టరు దాకా అనకూడదు నాయనమ్మా. అయ్యగారు చెప్పారుగా."

"దేవుడేం అనుకోడులేవే."

"ఊహూ, తప్పు" అన్నాను.

నీరసంగా నవ్వి, "సరేలే, పండక్కే అనుకుందాం" అని అటు తిరిగి పడుకుంది. నా భక్తికి నేనే మురిసిపోయాను.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందురోజు నాయనమ్మ పోయింది. శ్రమకాలం కాబట్టి సమాధి దగ్గర కూడా ఎవరూ ఆ మాట అనలేదు. ఎనిమిది రోజుల తర్వాత, ఈస్టరు తెల్లవారుజామున, ఇంకా పచ్చిగా ఉన్న ఆ మట్టిలో కొవ్వొత్తి గుచ్చాను. అయ్యగారు "క్రీస్తు లేచెను" అనగానే తోటంతా హల్లెలూయతో మారుమోగింది. అందరూ అన్నాక నేను మట్టికి దగ్గరగా వంగి ఒక్కసారి అన్నాను, అని ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు. నాన్న వచ్చి రెక్క పట్టుకుని లేపాడు.

ఇప్పుడు మా ఊరి గుళ్లో మైకులు, కీబోర్డులు, డ్రమ్ములు వచ్చాయి; శ్రమకాలం నలభై రోజులూ హల్లెలూయ మోగుతూనే ఉంటుంది. పాత పద్ధతి పోయిందని పెద్దవాళ్లు బాధపడతారు. నాకు బాధ లేదు. ఈ రోజుల్లో అయితే ఆమె అడిగిన మధ్యాహ్నం, ఆ వీధిలో ఎవరో ఒకరు అని ఉండేవారు.

అప్పుడు ఆమె అడిగింది నన్ను. కాదన్నది నేను.