నానని గోడ

ఇంకా రంగు వాసన పోని మా కొత్త ఫ్లాట్‌లో, పడకగది గోడను మా అమ్మ తాళంచెవితో గీకింది. నా కళ్ల ముందే. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందమ్మా నువ్వు? మొన్ననే రంగేసిన్రు. మతి ఉండే చేస్తున్నవా?" అన్నాను.

అమ్మ నా వైపు చూడనైనా లేదు. అక్కడే ఇంకోసారి, ఈసారి కాస్త అదిమి గీకింది. తెల్లటి పుట్టీ పొర లేచింది. దాని వెనకనుంచి ఇసుక సన్నగా జారింది. అది కింద పడకుండా అరచెయ్యి పట్టి, వేళ్లతో నలిపి చూసి, నా చేతిలో పోసింది.

"గోడ ఎండింది గని నానలే బిడ్డా. దీనికి నీళ్లు కొట్టలే," అంది.

ఈ మాట ఇంకెవరన్నా అంటే కొట్టిపారేసేదాన్ని. మా అమ్మ అన్నాక ఇక తిరుగులేదు, ఎందుకంటే ఆమె బతుకంతా చేసిన పని అదే. పాలమూరు వైపు పల్లె నుంచి మా నాయన వెంట పట్నం వచ్చింది. పొద్దున్నే గౌలిగూడ అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట కూలికి పోయేది. కొన్నాళ్లు ఇటుకలు మోసింది, ఇసుక జల్లించింది. తర్వాత ఒక మేస్త్రీ ఆమె తీరు చూసి నీళ్లు కొట్టే పనిలో పెట్టుకున్నాడు. కొత్తగా సిమెంటు పూసిన గోడ, పోసిన స్లాబు ఎంత ఎక్కువ రోజులు తడిగా ఉంటే అంత గట్టిపడతాయి. ఆ తడి ఆరకుండా చూడటమే ఆ పని. చూసేవాళ్లకు అదేముంది, పైపు పట్టుకుని నిలబడటమేగా అనిపిస్తుంది. అందుకే తొందరలో ఉన్న బిల్డర్ మొదట ఎగ్గొట్టేదీ అదే.

మా అమ్మ మాత్రం స్లాబు మీద మట్టి గట్లు వేసి, పొలంలో మళ్లు కట్టినట్టే కట్టి నీళ్లు నిలిపేది. పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడిపేది. ఒక్క పూట తప్పితే ఆమెకు అన్నం సహించేది కాదు. ఆబిడ్స్ నుంచి నాంపల్లిలోని మా కిరాయి ఇంటికి నడిచి వస్తుంటే, దారిలో ఏదో ఒక బిల్డింగ్ దగ్గర ఆగి గోడ మీద అరచెయ్యి వేసేది. "గిది నేను నానబెట్టిందే" అనేది, పక్కన పోయేవాళ్లకు కూడా వినపడేట్టు. మొజంజాహీ మార్కెట్‌కు ఐస్‌క్రీం కోసం పోయినా అంతే, రెండు గోడలు తట్టందే ఇల్లు చేరేది కాదు. కాలేజీకి పోయే రోజుల్లో నాకు తల కొట్టేసినట్టుండేది. ఆమె ఆగగానే నేను నాలుగడుగులు ముందుకు నడిచిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఫ్లాట్ నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఉంది. పాత ఇల్లు కూలగొట్టి ఐదంతస్తులు లేపారు, మూడో అంతస్తులో మాది. నేను ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో బిల్లులు కొడతాను, మా ఆయన లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసు కారు నడుపుతాడు. మేకు కొట్టాలన్నా ఓనర్ మొహం చూడాల్సిన ఇళ్లలో ఇన్నేళ్లు ఉన్నాక వచ్చిన సొంత ఇల్లది. గురువారం గృహప్రవేశం. పంతులు దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకొచ్చింది అమ్మే. ఆ వారం దాటితే మూఢం మొదలవుతుంది, మళ్లీ ముహూర్తం కావాలంటే మూడు నెలలు ఆగాలి. కార్డులు పంచడం అయిపోయింది. అమ్మ గోడ గీకింది సోమవారం.

సైట్ ఇంజినీర్‌ను పిలిపించాను. ఆయన గీతను చూసి నవ్వాడు.

"ఇంతేనా మేడం. మళ్లీ పుట్టీ పెట్టించి రంగు వేయిస్తా. రేపటికల్లా కనపడదు."

"కనపడది సరే సారూ," అంది అమ్మ. "జర నా వెంట రాండ్రి."

ఆయన్ను గది గదికీ తిప్పింది. హాల్లో గీకితే తాళంచెవి జారిపోయింది, గోడ గట్టిగా ఉంది. వంటగదీ బాగుంది. రెండు పడకగదుల్లోనూ, బాత్రూం బయటి గోడలోనూ మాత్రం ఎక్కడ గీకితే అక్కడ ఇసుక రాలింది. వేళ్లు మడిచి కొడితే ఒకచోట డొల్లగా మోగింది కూడా.

"ఎన్ని దినాలు కొట్టిన్రు సారూ నీళ్లు?"

ఆయన ముందు ఏడన్నాడు, తర్వాత ఐదన్నాడు. అమ్మ ఆయన మీదినుంచి చూపు తిప్పకపోయేసరికి విసుగొచ్చి నా మీదికి తిరిగాడు.

"మూడు రోజులే మేడం. ఏం చేయమంటారు? మూఢానికి ముందే తాళాలు ఇవ్వాలని మీరందరూ ఆఫీసుకొచ్చి గొడవ చేశారు. తడి గోడకు పుట్టీ పెట్టలేం కదా, నీళ్లు ఆపేసి ఆరబెట్టాం. అందరికన్నా గట్టిగా అరిచింది మీరే. ఇంకా గోడలకు నీళ్లు కొట్టుకుంట కూసుంటరా అని అడిగింది మీరు కాదా?"

నేనే. ఆ మాట నాదే. బిల్డింగ్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్లందరం ఒకరోజు కలిసి పోయాం. అందరిదీ ఒకటే తొందర, మూఢంలో కొత్తింట్లో పాలు పొంగించలేమని. నలుగురు నసుగుతుంటే నేనే ముందుకు పోయి టేబుల్ చరిచి అడిగాను. బయటికొచ్చాక అందరూ నన్ను మెచ్చుకుంటే పొంగిపోయాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పినప్పుడు టేబుల్ చరిచింది చెప్పాను, ఈ మాట మాత్రం చెప్పలేదు. అప్పటికి అది చెప్పాల్సిన మాటని కూడా నాకు తట్టలేదు.

అమ్మ నా మొహంలోకి చూసింది. "ఔనా?" అంది.

"ఔ," అన్నాను.

ఆమె అక్కడున్న బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. "గా నీళ్లు కొట్టుకుంటనే నిన్ను సదివించిన బిడ్డా," అంది. తిట్టినా బాగుండు. ఆ క్షణం నాకు కలిగిన సిగ్గు, కాలేజీ రోజుల్లో ఆమెను చూసి నేను పడ్డ సిగ్గు లాంటిది కాదు, ఇది నిజంగా పడాల్సింది.

నా మొహం చూసి ఇంజినీర్ మెత్తబడ్డాడు. "మేడం, ఒక పని చేద్దాం. గురువారం మీ గృహప్రవేశం కానివ్వండి, తాళాలు ముట్టినట్టు సంతకం పెట్టండి. తర్వాత ఆ గోడలు చెక్కించి మళ్లీ పూయిస్తా. నా మాట నమ్మండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. కార్డులు వృథా కావు, చుట్టాల ముందు పరువు పోదు. సరేననబోయాను. అంతలో అమ్మ లేచింది.

"పాలు పొంగినంక గోడ కొట్టనిస్తవా నువ్వు?" అని నన్నడిగింది. "నువ్వు కొట్టనియ్యవు. మీ అత్త అసలే కొట్టనియ్యది. నేను గూడ కొట్టనియ్య. పాలు పొంగిన ఇంట్ల పలుగు పెడ్తరా ఎవరన్న? అశుభం అంటం, ఉండనీ తీయ్ అంటం. గిది సారుకు ఎరుకే."

ఇంజినీర్ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. మాలాంటి ఎంతమందికి ఆయన ఆ మాట చెప్పి ఉంటాడో, ఎంతమంది పాలు పొంగించి, ఆ తర్వాత గోడ మీద క్యాలెండర్ తగిలించుకుని సర్దుకుపోయారో.

"గురువారం ఒద్దు," అంది అమ్మ. ముహూర్తం పెట్టించిన మనిషే ఆ మాటంది.

మర్నాడు ఇసుకను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, దుకాణానికి సెలవు చెప్పి, బిల్డర్ ఆఫీసుకు పోయాను. అమ్మను వెంట తీసుకుపోయాను. ఇసుకంతా బిల్డర్ టేబుల్ మీద గుమ్మరించాను. "నిన్న మా బెడ్రూం గోడ, గిప్పుడు మీ టేబుల్ మీదున్నది. ఇసుక రాలే గోడలన్ని చెక్కి, మల్ల పూసి, నీళ్లు కొట్టేదాంక సంతకం పెట్ట. ఎన్ని నెలలైనా సరే. తొందర చేసిన తప్పు నాది, ఒప్పుకుంటున్న. ఆ తొందర సందుల నీళ్లు ఆపిన తప్పు మీది," అన్నాను. మూఢం పేరు చెప్పి తొందరపెట్టినామె ఇప్పుడు మూఢమైనా పర్వాలేదంటుంటే, ఆయన దగ్గర ఇంక నన్ను బెదిరించడానికి ఏమీ మిగల్లేదు. ఒప్పుకున్నాడు.

చుట్టాలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మాత్రం నరకం. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కిరాయి ఇంటి ఓనర్ అప్పటికే ఇంకొకరికి మాటిచ్చి ఉన్నాడు, ఆయన్ను బతిమాలి మూడు నెలలు సంపాదించాను. నేనొకరిని బతిమాలడం మా ఆయన అదే మొదటిసారి చూశాడట. ఆ ముచ్చట ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తాడు.

గోడలు చెక్కారు, మళ్లీ పూశారు. వాచ్‌మన్ నీళ్లు కొడతాడని ఇంజినీర్ అన్నాడు. అమ్మ వినలేదు. చీర కొంగు నడుముకు దోపి, మూడంతస్తులు ఎక్కి, తానే పైపు పట్టింది. ఎండలు మండిపోతున్నాయి, పది రోజులు కొట్టాలంది. ఏడో రోజు ఆమెకు జ్వరం వచ్చింది. లేవలేని మనిషి లేచి చెప్పులు వేసుకుంటుంటే నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"నేను కొడత," అన్నాను.

చిన్నప్పుడు నేను సరదాకు పైపు ముట్టుకున్నా చేతిమీద కొట్టేది. ఈ పని నా బిడ్డ చెయ్యొద్దు అనేది. ఆ రోజు మాత్రం చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని చెప్పింది. "జోరుగ పెట్టకు, పచ్చి సిమెంటు లేస్తది. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టు, సన్నగ పడాలె. పైనుంచి కిందికి రా. మూలలు మరవకు, అందరు మరిచేది గవే."

చివరి నాలుగు రోజులూ నేనే. దుకాణానికి పోయేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం అన్నం తినే గంటలో ఆబిడ్స్ నుంచి ఎండలో నడిచొచ్చి ఇంకోసారి. బొటనవేలు నాని ముడతలు పడింది. మూలలు మరవలేదు. మెట్ల మీద ఎదురైన కింది ఫ్లాటాయన, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, ఆరా తీశాడు. "మా గోడలు కూడా రాలుతున్నాయమ్మా. మీ అమ్మగారొచ్చి ఒకసారి చూస్తారా? ఆవిడేమన్నా ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో చేశారా?"

"లేదండి. మా అమ్మ గోడలకు నీళ్లు కొట్టేది," అన్నాను. మెట్లన్నీ వినపడేట్టే అన్నాను.

మూఢం పోయింది. మంచిరోజు చూసి పిలిస్తే, అలిగినవాళ్లతో సహా అందరూ వచ్చారు. పొయ్యి మీద పాలగిన్నె పెట్టబోతుంటే అమ్మ ఆగమంది. బొడ్లోంచి తాళంచెవి తీసి, నేరుగా నేను చివరిదాకా తడిపిన పడకగది గోడ దగ్గరికి, అదీ మూలకే పోయింది. మా అత్తగారు, పంతులు, చుట్టాలు అందరూ గుమ్మంలో గుమిగూడి చూస్తున్నారు. అమ్మ కొత్త రంగు మీద అదిమి గీకింది. ఒక సన్నటి గీత పడింది. కింద ఒక్క రేణువు రాలలేదు.

గీత పక్కన గోడ మీద అరచెయ్యి వేసి, మా అత్తగారి వైపు తిరిగింది.

"గిది నా బిడ్డ నానబెట్టింది," అంది, అందరికీ వినపడేట్టు.

ఈసారి నేను ముందుకు నడిచిపోలేదు. పోయి ఆమె పక్కన నిలబడ్డాను.