కళ్లద్దాల కొలత

నత్త మాస్టారు వేగాన్ని క్షణాల్లో కొలవరు, పనుల్లో కొలుస్తారు. ఆఫీసులో ఎవరు ఏ వెబ్ పేజీ తయారుచేసినా దాన్ని తన పాత ఫోనులో తెరిచి, అక్షరాలు కనబడేదాకా ఏదో ఒక పని చేసుకుంటారు. ఆ పనే తీర్పు. "ఇది కప్పు కడిగినంత," అంటారు. మరీ ఘోరమైతే, "గోళ్లు తీసుకున్నంత." ముసలి ఫోన్ల మీద ఆయనకున్న మక్కువ చూసే ఆఫీసు ఆయనకు నత్త అని పేరు పెట్టింది.

కొత్తగా చేరిన ఇంజినీరమ్మకు ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల పేజీ అప్పగించారు. అది మాస్టారి దగ్గర నెగ్గితేనే ఆమె ఉద్యోగం ఖాయం. అందరి నోళ్లలో నానుతున్న సరికొత్త ఫ్రేమ్‌వర్కుతో, అంటే రెడీమేడ్ కోడు సరంజామాతో, ఆమె దాన్ని ముచ్చటగా కట్టింది. తన కంప్యూటరులో అది నొక్కీ నొక్కకముందే ప్రత్యక్షమయ్యేది.

మాస్టారు తన ఫోనులో నొక్కి, కళ్లద్దాలు తుడిచారు. కప్పు కడిగొచ్చారు. రెండు బూట్ల తాళ్లూ విప్పి మళ్లీ కట్టుకున్నారు.

"ఇది బూట్ల పేజీ అమ్మాయ్."

"లోపం మీ ఫోనుదండీ. ఈ ఫ్రేమ్‌వర్కు వేగం పోటీలన్నిట్లో మొదటిది."

"పోటీలకు జ్వరం రాదుగా. ఈ పేజీ తెరిచేవాళ్లకు వస్తుంది."

ఆమె ఉక్రోషంతో వెళ్లి పేజీని విప్పి చూసింది. ఒక్క తేదీ ఎంచుకోవడానికి క్యాలెండర్ల కార్ఖానా మొత్తం ఫోనులోకి దిగుతోంది. దాని వెనకాల, ఎవరూ అడగని ఎగిరే పావురం బొమ్మ. ఒక్కొక్కటే పీకేసింది. చివరికి ఫ్రేమ్‌వర్కునే పక్కనపెట్టి, మామూలు ఫారం మిగిల్చింది.

ఈసారి మాస్టారు కళ్లద్దాల మీద చెయ్యి వేసేసరికే పేజీ వచ్చేసింది.

"తుడుచుకోనివ్వలేదు నువ్వు," అన్నారాయన నొచ్చుకున్నట్టు. ఆ ఆఫీసులో అంతకంటే పెద్ద ప్రశంస లేదు.

సంతోషం పట్టలేక ఆమె ఆఫీసు ఊడ్చే పెద్దమ్మకు ఆమె ఫోనులోనే పేజీ చూపించబోయింది. పెద్దమ్మ సంచిలోంచి తీసిన ఫోను మేనేజరు ఫోనుకంటే కొత్తది.

"మాస్టారిదమ్మా. నా ఫోను మూలుగుతోందంటే, పరీక్షలకు అచ్చం అలాంటిదే కావాలని వెంటపడ్డారు. కంపెనీ ఆయనకిచ్చిన దీన్ని నాకంటగట్టి, అది పట్టుకెళ్లారు." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "పాపం, మోసపోయారేమోనని నాకు బెంగగా ఉంది."

మాస్టారి సొరుగు నిండా ఉన్న పాత ఫోన్లు ఆమెకు గుర్తొచ్చాయి. పిసినారితనంతో పోగేస్తున్నారని ఆఫీసంతా నవ్వుకునేది. వాచ్‌మన్‌కూ, లిఫ్టు తాతకూ అంత మెరిసే ఫోన్లు ఎలా వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె వెనక్కి తిరిగేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు. ఆమె చేతిలోని, బీటలు వారిన ఆమె సొంత ఫోనుకేసి ఆశగా చూస్తున్నారు.

"అమ్మాయ్, అది కాస్త నెమ్మదా?"

"అబ్బే, రాకెట్టండీ," అని నిరూపించడానికి ఆమె మీట నొక్కింది.

తెర నల్లగానే ఉండిపోయింది. ఆమె మెల్లగా తన కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగింది.